ఉప్పునీళ్ళ ఊళ్ళలో నురగ లెక్కలు

నెల్లూరు నుంచి మైపాడు సముద్రం వైపు వెళ్ళే దారిలో ఏ చిల్లర అంగడి ముందు నిలబడినా తలకు ముందుగా తగిలేవి షాంపూ సాచెట్ల దండలే. పచ్చవి, నీలివి, గులాబీవి తోరణాల్లా వేలాడుతుంటాయి. రూపాయిది ఒకటి, రెండు రూపాయలది ఒకటి. ఒకటి చించుకుంటే ఒక తలస్నానం. అక్కడ నిలబడి “సల్ఫేట్ లేని షాంపూ ఉందా?” అని అడిగితే ఏం జవాబు వస్తుందో ఊహించడం కష్టమేమీ కాదు. వరి, రొయ్య తప్ప మూడో మాట తక్కువగా వినపడే ఆ పల్లెల్లో సల్ఫేట్ అంటే జింకు సల్ఫేటే. “అది ఎరువులంగట్లో గదమ్మా దొరికేది!”

అయినా ఆ ప్రశ్న పల్లెల దాకా వచ్చేసింది. నెల్లూరులో ట్రంకు రోడ్డు మీదో, మాగుంట లేఔట్‌లోనో పెళ్ళికి ముందు జుట్టు స్మూతెనింగ్ చేయించుకున్న అమ్మాయికి బ్యూటీపార్లర్‌లో చివరగా చెప్పే మాట దాదాపు ఒకటే: ఇకనుంచి సల్ఫేట్ ఫ్రీ షాంపూనే వాడాలి, లేకుంటే పెట్టిన డబ్బంతా నీళ్ళపాలు. ఆ మాట వెనకే కౌంటరు మీదికి ఒక సీసా వస్తుంది. దాని ధర చూస్తే ఇంట్లో నలుగురికీ నెలంతా అయ్యే సాచెట్ల ఖర్చు చిల్లరలా కనిపిస్తుంది. రింగుల జుట్టు ఉన్నవాళ్ళకు, రంగు వేసుకునేవాళ్ళకు ఇదే సలహా ఫోను తెర మీద రోజూ ఎదురవుతోంది.

ఇంతకీ ఆ సీసా అవసరమా? అవసరమైతే అంత పెట్టాల్సిందేనా? ఈ రెండింటికీ జవాబు సీసా ముందువైపు దొరకదు. వెనక్కి తిప్పి చూడాలి. అంతకంటే ముందు ఇంట్లో కొళాయి తిప్పి చూడాలి.

సల్ఫేట్ చేసే పని

మురికి వదిలించే ఏ పదార్థానికైనా రెండు కొసలుంటాయి. ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండోది నీళ్ళను పట్టుకుంటుంది. తల మీది జిడ్డును ఒక కొసతో పట్టి, రెండో కొసతో నీళ్ళలోకి లాక్కుపోవడమే షాంపూ పని. ఆ పనికి లోకమంతటా ఎక్కువగా వాడేవి సల్ఫేట్ కుటుంబంలోవి. సోడియం లారిల్ సల్ఫేట్, సోడియం లారెత్ సల్ఫేట్, అమ్మోనియం లారిల్ సల్ఫేట్ అని సీసా వెనక కనిపించే పేర్లు ఇవే. మొదటిదాన్ని ఎస్‌ఎల్‌ఎస్ అనీ, రెండోదాన్ని ఎస్‌ఎల్‌ఈఎస్ అనీ పొట్టిగా అంటారు.

ఇవేమీ నిన్న మొన్నటివి కావు. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ 1934లో తెచ్చిన ‘డ్రీన్’, సబ్బు లేకుండా కృత్రిమ డిటర్జెంటుతో చేసిన తొలి షాంపూగా పేరుపడింది. తయారీ చవక, నురగ ఎక్కువ. కొబ్బరినూనె నుంచో, పామ్ గింజల నూనె నుంచో వచ్చే కొవ్వు పదార్థమే వీటికి ముడిసరుకు. కాబట్టి “కొబ్బరి నుంచి తీసినది” అని సీసా మీద రాసినంత మాత్రాన అందులో సల్ఫేట్ లేదనుకోవడానికి లేదు. సల్ఫేటూ కొబ్బరి నుంచి రావచ్చు, దానికి బదులు వాడేదీ కొబ్బరి నుంచే రావచ్చు.

వీటి మీద ఉన్న ఫిర్యాదుల్లో నిజం ఎంత? క్యాన్సర్ తెస్తాయన్న మాట 1990ల చివర ఈమెయిళ్ళలో ఊరూరా తిరిగిన పుకారు. దానికి ఆధారం లేదని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ లాంటి సంస్థలు తేల్చి చెప్పాయి. చర్మాన్ని చికాకు పెడతాయన్నది మాత్రం పుకారు కాదు. చర్మ పరిశోధనల్లో కావాలని చర్మానికి చిరాకు పుట్టించి చూడాల్సి వచ్చినప్పుడు వాడే పదార్థం ఎస్‌ఎల్‌ఎస్సే. అందుకే కాసేపు రాసుకుని శుభ్రంగా కడిగేసే వస్తువుల్లో అది ఉండొచ్చని, ఒంటి మీద ఎక్కువసేపు ఉండే వాటిలో మాత్రం ఒక శాతం దాటకూడదని అమెరికాలో సౌందర్య సాధనాల పదార్థాలను సమీక్షించే నిపుణుల బృందం 1983లోనే చెప్పింది. ఇప్పటి షాంపూల్లో ఎక్కువగా ఉండే ఎస్‌ఎల్‌ఈఎస్ దానికంటే మెత్తనిది.

అంటే సల్ఫేట్ విషం కాదు, పనిమంతురాలు. చిక్కల్లా ఆ పనితనం ఎక్కువ కావడంతోనే. తలలో పుట్టే సహజమైన జిడ్డు వెంట్రుకకు పైపూత లాంటిది. వెంట్రుక మీద చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పొర ఉంటుంది. ఆ జిడ్డు కొద్దిగా ఉంటేనే పొలుసులు అణిగి ఉండి జుట్టు మెరుస్తుంది. జిడ్డుతల ఉన్నవాడికి సల్ఫేట్ షాంపూ హాయిగా ఉంటుంది. ఎండిన జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు, రింగుల జుట్టుకు ఉన్న కాస్త పూతా పోతుంది. తల నుంచి పుట్టే నూనె మెలికలు తిరిగిన వెంట్రుక చివరిదాకా త్వరగా జారదు. అందుకే రింగుల జుట్టువాళ్ళే ముందుగా సల్ఫేట్‌ను వద్దన్నారు. 2000ల మొదట్లో లొరైన్ మాసీ రాసిన ‘కర్లీ గర్ల్’ పుస్తకంతో అమెరికాలో మొదలైన ఆ పద్ధతి వీడియోల వెంట మన ఊళ్ళకూ చేరింది.

కడలూరు నుంచి వచ్చిన రూపాయి నురగ

నురగ వస్తేనే తల శుభ్రమైనట్టు అనే నమ్మకం మనకు ఎప్పుడు పట్టుకుంది? దీని కథ ఈ తీరం మీదే, చెన్నై దాటాక వచ్చే కడలూరులో ఉంది. అక్కడ మందుల వ్యాపారం చేసిన చిన్ని కృష్ణన్‌ది ఒకటే పట్టు: డబ్బున్నవాళ్ళు వాడే సరుకు కూలివాడికీ అందాలంటే దాన్ని చిన్న పొట్లంలో పెట్టాలి. ఆ ఆలోచనతో ఆయన కుటుంబం ‘వెల్వెట్’ షాంపూను సాచెట్‌లో తెచ్చింది. ఆయన కొడుకుల్లో ఒకరైన సి.కె.రంగనాథన్ అన్నదమ్ముల వ్యాపారం నుంచి బయటికొచ్చి 1983లో 15,000 రూపాయలతో సొంత కంపెనీ పెట్టారు. తండ్రి పేరు గుర్తుగా షాంపూకు ‘చిక్’ అని పెట్టారు. ఖాళీ సాచెట్లు తెచ్చిస్తే కొత్తది ఉచితం అన్నారు. 1990ల చివరికి అర్ధరూపాయికే సాచెట్ ఇచ్చారు. కెవిన్‌కేర్ అన్న పేరుతో ఇప్పుడున్నది ఆ కంపెనీయే. పెద్ద కంపెనీలూ అదే దారి పట్టక తప్పలేదు.

కుంకుడుకాయలు కొట్టుకునే పల్లెకు షాంపూ అందింది సీసాలో కాదు, సాచెట్‌లో. రూపాయికి అంత నురగ ఇవ్వగలిగింది సల్ఫేట్ ఒక్కటే. అందుకే ఇప్పటికీ అంగడి ముందు వేలాడే దండల్లో సల్ఫేట్ లేనిది వెతకడం ఉప్పుమడిలో తియ్యనీళ్ళ కోసం తవ్వడం లాంటిది. దొరకదని కాదు, అరుదు. సల్ఫేట్‌కు బదులు వాడే పదార్థాల ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు రూపాయి పొట్లంలో ఇమడదు. సల్ఫేట్ లేనిది సీసాల్లోనే ఎక్కువగా ఎందుకు కనిపిస్తుందంటే ఇదే కారణం.

ముందు కొళాయి తిప్పండి

విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు ఇళ్ళలో ఒక మాట తరచుగా వినపడుతుంది. “ఈ నీళ్ళకు ఏ షాంపూ అయినా ఒకటే. తలంతా జిగటగానే ఉండాది.” అందులో సగం నిజం ఉంది. తీరం ఇసుకలో వాననీరు ఒక పలచని పొరలా నిలుస్తుంది. చెలమ తవ్వితే మంచినీళ్ళు పడతాయి. అదే బోరు లోతుగా దించి గట్టిగా తోడితే ఉప్పునీళ్ళు పైకి ఎగదన్నుతాయి. ఆ నీళ్ళలో ఉప్పుతో పాటు కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురగకు బదులు తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్ అంచున పేరుకునే ఆ తెట్టే వెంట్రుకల మీదా పేరుకుంటుంది. జుట్టు గరుకెక్కుతుంది, చిక్కు పడుతుంది, మెరుపు పోతుంది. నింద షాంపూ మీద పడుతుంది.

తాగునీటి కాఠిన్యం, అంటే అందులో ఉన్న కాల్షియం, మెగ్నీషియం లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలని, వేరే దారి లేకపోతే 600 వరకూ సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. మన బోరులో ఎంత ఉందో తెలుసుకోవడం ఈ తీరంలో మిగతా చోట్ల కంటే తేలిక. రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లకు కాఠిన్యం రోజూ చూసే లెక్కే. ఇందులో ఒక తమాషా ఉంది. రొయ్య పెంకు గట్టిపడాలని రైతు గుంటలో పనిగట్టుకుని వేసే కాల్షియం, మెగ్నీషియమే మన వెంట్రుకకు పడని సరుకు. ఒక జాగ్రత్త: మంచినీళ్ళ ప్లాంటువాళ్ళు చూపించే టీడీఎస్ మీటరు అన్ని లవణాలనూ కలిపి లెక్కేస్తుంది. కాఠిన్యం అందులో ఒక భాగమే, దాన్ని విడిగా అడగాలి.

ఈ లెక్కకూ సల్ఫేట్ ఫ్రీ ఎంపికకూ సూటిగా సంబంధం ఉంది. సల్ఫేట్ లేదంటూ ఈమధ్య చేత్తో చేసిన షాంపూ సబ్బుబిళ్ళలు బాగా అమ్ముతున్నారు. వాటిలో కొన్ని నిజంగా సబ్బులే. పదార్థాల్లో సోడియం కోకోయేట్, సోడియం పామేట్ లాంటి పేర్లుంటే అది నూనెను కాస్టిక్‌తో ఉడికించి చేసిన సబ్బని అర్థం. సల్ఫేట్ లేదన్న మాట నిజమే, కానీ తీరం బోరునీళ్ళలో దానితో తలంటుకుంటే తలమీద తెట్టు తప్ప మిగిలేది ఉండదు. డెసైల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్ లాంటివి, కోకమిడోప్రొపైల్ బీటైన్ లాంటివి ఇటువంటి నీళ్ళలోనూ పనిచేస్తాయి. తీరంలో ఉన్నవాళ్ళు సల్ఫేట్ లేని సీసాలో వెతకాల్సిన పేర్లు ముందుగా ఇవే.

సీసా వెనక చదువు

సౌందర్య సాధనాల మీద పదార్థాల పట్టిక ఉండాలన్నది మన దేశంలో నిబంధన. మామూలుగా ఎక్కువగా ఉన్నది ముందు, తక్కువగా ఉన్నది వెనక రాస్తారు. షాంపూలో మొదట నీళ్ళు, ఆ వెంటనే వచ్చే రెండు మూడు పేర్లే అసలు సరుకు. చీమతలలంత అక్షరాలు కనపడకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే సరి.

అక్కడ పొరపాటు పడే చోట్లు ఐదున్నాయి.

మొదటిది ‘ఎస్‌ఎల్‌ఎస్ ఫ్రీ’. ఇది సల్ఫేట్ ఫ్రీ అని కాదు. ఎస్‌ఎల్‌ఎస్ తీసేసి ఎస్‌ఎల్‌ఈఎస్ పెట్టినా ఆ మాట అబద్ధం కాదు. ‘పారబెన్ ఫ్రీ’ అన్నది అసలు వేరే సంగతి. పారబెన్లు సరుకు చెడిపోకుండా కలిపేవి, వాటికీ నురగకూ చుట్టరికం లేదు.

రెండోది ఆకుల బొమ్మ. శీకాయ, ఉసిరి, మందారం బొమ్మలు ముందువైపు ఎంత పచ్చగా ఉన్నా వెనక సోడియం లారెత్ సల్ఫేట్ ఉండడం మామూలే. ఆయుర్వేద లైసెన్సుతో వచ్చే షాంపూల్లో ఇంకో తిరకాసు. అందులో మూలికలన్నిటినీ గ్రాముల లెక్కన రాసి, చివర్న ‘బేస్ క్యూ.ఎస్.’ అని వదిలేస్తారు. అంటే ‘తగినంత’. కూరలో ఉప్పు తగినంత అన్నట్టే. ఆ తగినంతలోనే నురగనిచ్చే పదార్థం దాక్కుని ఉంటుంది. అది ఏమిటో రాయని సీసాను సల్ఫేట్ ఫ్రీ అని నమ్మి కొనడానికి లేదు.

మూడోది పిల్లల షాంపూ. కళ్ళు మండకుండా చేసినది కాబట్టి మెత్తగా ఉంటుందన్నది సబబే. కానీ పిల్లల షాంపూల్లోనూ సల్ఫేట్ కుటుంబంలోవి వాడడం ఉంది. అది కూడా తిప్పి చూడాల్సిందే.

నాలుగోది పేర్ల పోలిక. సోడియం ఒలెఫిన్ సల్ఫొనేట్‌లో ఉన్నది ‘సల్ఫొనేట్’, సల్ఫేట్ కాదు. రసాయనం లెక్కలో ఆ సీసాకు సల్ఫేట్ ఫ్రీ అన్న పేరు చెల్లుతుంది. జిడ్డు లాగేయడంలో మాత్రం అది సల్ఫేట్‌కు ఏమంత తీసిపోదు. పట్టికలో నీళ్ళ వెంటనే అదే ఉంటే, మెత్తదనం కోసం ఎక్కువ ధర పెట్టినవాళ్ళు మోసపోయినట్టే. దీనికి తిరగేసిన సంగతి బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్. పేరు చివర సల్ఫేట్ ఉన్నా అది జుట్టును మెత్తబరిచేది. దాన్ని చూసి కండిషనర్‌ను పక్కన పెట్టేయడం ఈ మధ్య ఎక్కువగా జరుగుతున్న పొరపాటు.

ఐదోది బీటైన్ ఒక్కటే కనపడగానే సంబరపడడం. నురగ పెంచడానికి సల్ఫేట్ షాంపూల్లోనూ దాన్ని కలుపుతారు. దానికి ముందున్న పేరు ఏమిటో చూడాలి.

మామాఎర్త్, వావ్ లాంటి దేశీ కంపెనీలు సల్ఫేట్ లేదన్న మాటనే ప్రచారంలో ముందు పెట్టి ఎదిగాయి. పాత కంపెనీలూ ఇప్పుడు ఒకటో రెండో రకాలు అలాంటివి తెస్తున్నాయి. అయితే ఒకే పేరు కింద సల్ఫేట్ ఉన్న రకమూ, లేని రకమూ పక్కపక్కనే ఉంటాయి. తయారీ పట్టిక ఎప్పుడైనా మారొచ్చు. అందుకని బ్రాండు పేరు గుర్తుపెట్టుకోవడం కంటే పదార్థాల పేర్లు మూడు నాలుగు గుర్తుపెట్టుకోవడమే చవక బేరం.

ఒక తలంటు ఎంత?

సీసా ధర చూసి భయపడేవాళ్ళు, సాచెట్ ధర చూసి మురిసేవాళ్ళు చేసే పొరపాటు ఒకటే. ధర అడగాల్సింది సీసాకు కాదు, తలంటుకు. ఒక లెక్క వేసి చూద్దాం. 200 మిల్లీలీటర్ల సీసా 300 రూపాయలనుకుంటే మిల్లీలీటరు రూపాయిన్నర. భుజాలు దాటిన జుట్టుకు 8 మిల్లీలీటర్లు పట్టిందనుకుంటే తలంటుకు 12 రూపాయలు. వారానికి రెండుసార్ల చొప్పున నెలకు ఎనిమిది తలంట్లంటే 96. అదే తలకు రూపాయి సాచెట్లు రెండేసి వాడితే నెలకు 16. తేడా 80 రూపాయలు.

ఈ 80ని తగ్గించే మార్గాలు ఇంట్లోనే ఉన్నాయి. షాంపూను నేరుగా తల మీద పోయకుండా చిన్న చెంబులో నాలుగింతల నీళ్ళు కలిపి పోసుకుంటే తల అంతటా పాకుతుంది. సగం షాంపూతో పని అయిపోతుంది. లెక్కలో 12 కాస్తా 6 అవుతుంది. అయితే అప్పటికప్పుడు కలుపుకోవాలి. సీసాలో నీళ్ళు కలిపి దాచిపెడితే చెడిపోకుండా కాపాడే మందు పలచబడి సరుకు పాడవుతుంది. రెండో మార్గం, షాంపూను కుదుళ్ళకే పట్టించడం. జడ చివర్లకు కడిగేటప్పుడు జారే నురగ చాలు. మూడోది, వారానికి ఒకసారి సల్ఫేట్ లేనిది, ఇంకోసారి ఇంట్లో ఉన్న మామూలుది వాడడం. స్మూతెనింగ్ చేయించుకోనివాళ్ళకు ఈ సర్దుబాటుతో నష్టమేమీ లేదు.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ పక్కన మిల్లీలీటరుకు ఎంత పడుతుందో చూపే యూనిట్ ధర ఉందేమో చూడాలి. పెద్ద సీసా ప్రతిసారీ చవక కాదని అక్కడే తెలుస్తుంది. పన్ను సంగతీ మారింది. 2025 సెప్టెంబరు 22 నుంచి షాంపూ, తలనూనెల మీద జీఎస్‌టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. తగ్గింపు పూర్తిగా కొనేవాడికి చేరితే పాత 300 రూపాయల సీసా ఇప్పుడు 267కు రావాలి. పాత ధరే అచ్చేసి ఉంటే అడగడంలో తప్పులేదు.

శాకాహార వంకాయ

ఇక కండిషనర్. ‘సల్ఫేట్ ఫ్రీ కండిషనర్’ అని పెద్ద అక్షరాలతో రాసి దానికో పాతిక శాతం ఎక్కువ ధర వేస్తే, అది శాకాహార వంకాయ అని చెప్పి అమ్మడం లాంటిది. కండిషనర్ పని కడగడం కాదు. అందుకని మామూలు కండిషనర్లలో కడిగే సల్ఫేట్లు ఉండనే ఉండవు. తడి వెంట్రుక మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. కండిషనర్‌లో ధనావేశం ఉన్న పదార్థం ఉంటుంది. రెండూ అతుక్కుంటాయి. బెహెన్‌ట్రైమోనియం, సెట్రిమోనియం అని మొదలయ్యే పేర్లు అవే. వాటికి తోడు సెటియరైల్ ఆల్కహాల్ ఉంటుంది. పేరు చూసి సారా అనుకోనక్కర్లేదు, అది మైనం లాంటి కొవ్వు. ఈ రెండూ ఉన్న అతి చవక కండిషనర్ కూడా తన పని తాను చేస్తుంది.

చూసుకోవాల్సింది ఒక్కటే, డైమెథికోన్ లాంటి సిలికోన్లు. అవి జుట్టుకు నునుపునిస్తాయి కానీ నీళ్ళలో కరగవు. మెత్తని షాంపూ మాత్రమే వాడేవాళ్ళ తలలో అవి పేరుకుంటాయి. నెలా నెలన్నరకు జుట్టు బరువెక్కి చప్పగా వాలిపోతే షాంపూ పడలేదనుకుంటారు. అప్పుడు ఒకసారి మామూలు సల్ఫేట్ షాంపూతో కడిగేస్తే సరిపోతుంది. రూపాయి సాచెట్‌కు అక్కడ గౌరవమైన పని దొరుకుతుంది.

కండిషనర్ కంటే చవకైనది వంటింట్లోనే ఉంది. తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాస్తే వెంట్రుకలోని ప్రొటీన్ నష్టం తగ్గుతుందని, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేకపోయాయని 2003లో అచ్చయిన పరిశోధన తేల్చింది. చేసింది పారాచూట్ నూనె తయారుచేసే మారికో కంపెనీ శాస్త్రవేత్తలు. నూనె అమ్మేవాళ్ళే నూనె గొప్ప చెప్పారని పెదవి విరిచినా, కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకుతుందన్నది ఆ తర్వాతి కాలంలోనూ నిలబడ్డ సంగతి. అయితే మోతాదు ముఖ్యం. గిన్నెడు నూనె కారేలా రాసుకుని సల్ఫేట్ లేని షాంపూతో కడిగితే జిడ్డు వదలదు. అరచేతిలో అరచెంచాడు, అదీ చివర్లకు, చాలు.

కాఠిన్యం ఎక్కువున్న నీళ్ళకు విరుగుడు రెండు రూపాయల్లో ఉంది. తలంటు అంతా బోరునీళ్ళతోనే కానిచ్చి, చివరి రెండు చెంబులు మంచినీళ్ళ క్యానులోవి పోసుకుంటే వెంట్రుకల మీద మిగిలే లవణం తగ్గుతుంది. గూడూరు నిమ్మకాయ ఊరంతా తెలిసిన సరుకే. అరచెక్క రసం లీటరు నీళ్ళలో పిండి చివర్న పోసుకుంటే ఆ పులుపుకు తెట్టు కరుగుతుంది, పొలుసులు అణుగుతాయి. ఆపైన మళ్ళీ మామూలు నీళ్ళు పోసుకోవాలి. నిమ్మరసం చర్మం మీద ఉండగానే ఎండలోకి వెళితే మచ్చలు పడి బొబ్బలెక్కే ప్రమాదం ఉంది. పడవల దగ్గరికో, చేపలు ఆరబెట్టడానికో పోయేవాళ్ళు పొద్దుగూకాక చేసుకోవడం మంచిది.

కుంకుడుకాయ పెట్టిన పరీక్ష

ఇంత చదువు లేకుండానే మన అమ్మమ్మలు సల్ఫేట్ లేని తలంటే పోసుకున్నారు. పది కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, రాత్రంతా వేడినీళ్ళలో నానేసి, తెల్లారి పిసికి వడకట్టిన నురగ అది. అందులోని సపోనిన్ సబ్బు కాదు. అందుకే ఉప్పునీళ్ళలోనూ తెట్టు కట్టదు. ఈ తీరంలో కుంకుడు అంతకాలం నిలవడానికి అదొక కారణం కావచ్చు. ఇప్పటికీ కుంకుడుకాయలు, శీకాయ అడవుల నుంచి గిరిజనులు ఏరి తెస్తుంటారు. 1956లో ఏర్పడి విశాఖపట్నం నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ వాటిని కొని, పొడి చేయించి అమ్ముతోంది. ధర లెక్కలో దీన్ని కొట్టే సీసా లేదు.

కానీ సహజమైనది కాబట్టి మెత్తనిదే అనుకుంటే కుంకుడు ఒప్పుకోదు. కంట్లో పడ్డప్పుడు ఇల్లంతా అదిరేలా ఏడ్చిన పిల్లలు సాక్షి. రొయ్యల రైతుకు దీని చుట్టం బాగా తెలుసు. గుంటలో రొయ్యపిల్లల్ని వదిలేముందు వాటిని తినే చేపల్ని చంపడానికి వేసే టీ గింజల పిండిలో ఉన్నదీ సపోనినే. చేప మొప్పలకు అది పడదు, రొయ్య తట్టుకుంటుంది. తల మీద దాని జోరు తగ్గించడానికే కుంకుడు రసంలో మందారాకు జిగురో, మెంతుల గుజ్జో కలిపేవారు. ఆ జిగురే అప్పటి కండిషనర్. వడకట్టిన రసం ఒకటి రెండు రోజుల్లో పులిసిపోతుంది కాబట్టి ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే. పొద్దున్నే ఏడింటికి రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీ బస్సెక్కే అమ్మాయికి ఆ తీరిక ఆదివారమే దొరుకుతుంది.

ఎవరు మారనక్కర్లేదు

తల త్వరగా జిడ్డెక్కేవాళ్ళు, పొట్టి జుట్టు మగవాళ్ళు, ఉప్పుగాలిలో, చెమటలో రోజంతా పనిచేసి దుమ్ము తలకెక్కించుకునేవాళ్ళు మామూలు షాంపూ మానేయాల్సిన పని లేదు. ఎంత వాడినా ఇబ్బంది లేనివాళ్ళకూ అంతే. చుండ్రుకు డాక్టరు రాసిన కీటోకొనజోల్ షాంపూలో సల్ఫేట్ కనపడిందని మధ్యలో మానేయడం అన్నిటికంటే నష్టం. అక్కడ పని చేసేది మందు. రాలే జుట్టంతా సల్ఫేట్ వల్లేననుకుని సీసాలు మార్చుకుంటూ పోతే రక్తహీనతో, థైరాయిడో ఉన్నవాళ్ళకు అసలు వైద్యం ఆలస్యమవుతుంది.

మారితే మేలున్నవాళ్ళు స్మూతెనింగ్, రంగు చేయించుకున్నవాళ్ళు, రింగుల జుట్టువాళ్ళు, తల చర్మం ఊరికే ఎర్రబడి దురదపెట్టేవాళ్ళు. మొదటి వారం వాళ్ళకు ఒక నిరాశ తప్పదు. నురగ తక్కువగా వస్తుంది. “నురగే రాలా” అని ఇంకాస్త పోసుకుంటారు, అక్కడే నెల లెక్క తప్పుతుంది. తల బాగా తడిపి, కొద్దిగా రాసి, కడిగేసి, రెండోసారి రాస్తే అప్పుడు పొంగుతుంది. మొదటిసారి నూనెను మోసుకుపోవడంలోనే దాని శక్తి అయిపోయి ఉంటుంది.

మైపాడు దారిలో అంగడి ముందు దండలు అలాగే ఉన్నాయి. వాటి పక్కనే, అద్దం తలుపు చల్లని పెట్టె మీద, దుమ్ము పట్టిన సీసాలు మూడు నాలుగు నిలబడి ఉంటాయి. వాటిలో ఒకదాన్ని దింపించి, వెనక్కి తిప్పి, ఫోను కెమెరా దగ్గరికి పెట్టి చదువుకుంటూ నిలబడితే అంగడాయన కాస్త విసుక్కుంటాడు. నీళ్ళ వెంటనే గ్లూకోసైడ్ అన్న మాట కనిపిస్తే మిల్లీలీటరుకు ఎంత పడుతుందో చూసుకోవాలి. లారెత్ సల్ఫేట్ అని కనిపిస్తే సీసాను తిరిగి పైన పెట్టించి, రూపాయి దండలోంచి ఒకటి చించుకుని రావచ్చు. సరుకు అదే అయినప్పుడు మూడొందలెందుకు?